ఊతకర్ర లేని కారు

కారు కింద వెలుతురు సన్నబడింది. నాకు ముందుగా కనిపించింది అదే.

మా ఇంటి వెనక బండ్ల కొట్టానికి పడమటి వైపు గోడ లేదు. మధ్యాహ్నం దాటాక ఎండ అటునుంచి వచ్చి, నిలబెట్టిన కారు వెనక భాగం కిందుగా దూరి, ఇటు వంటింటి గడప దాకా తెల్లని పట్టీలా పరుచుకుంటుంది. ఆ రోజు నేను గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. నాకు అప్పుడు ఏడో నెల. నడుము సర్దుకోవడానికి తల ఎత్తితే, ఆ పట్టీ రోజూ ఉన్నంత వెడల్పు లేదు. జానెడున్నర ఉండవలసింది జానెడుకు దిగింది. మబ్బు పట్టిందేమోనని ఆకాశం వైపు చూశాను. ఎక్కడా మబ్బు తునక లేదు. మళ్లీ కారు వైపు చూశాను. ఆ వెలుతురులో ఏదో మెరిసింది. మా చిన్నదాని కాలి గొలుసు.

నేను భయస్తురాలినని మా ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లలు బావి వైపు నడిస్తే భయం, దగ్గితే భయం, దగ్గు ఆగిపోయినా భయం. మదురైలో కాలేజీ చదివి వచ్చిన కోడలు భయాలు కూడా పుస్తకాల్లో చదివే నేర్చుకుందని మావారు ఎగతాళి చేసేవారు. కాని ఆ క్షణాన నాకు కలిగింది ఆ రోజువారీ భయం కాదు. చేతిలో చింతపండు చేతిలోనే ఉంది. 

ఆ కారు సంగతి చెప్పాలి.

మద్రాసులో పనిచేసి తన దేశానికి వెళ్లిపోతున్న ఒక అమెరికా దొర దగ్గర మా మామ దాన్ని కొన్నారు. అప్పటికే అది పాతది. లేత ఆకుపచ్చ రంగు, ఎడమ వైపు స్టీరింగు, వెనక భాగం పడవలా పొడుగు. తక్కిన కార్లకు చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగులు ఉంటే దీనికి రబ్బరు తిత్తులు. ఇంజిను తిరుగుతున్నంతసేపూ ఆ తిత్తుల్లోకి గాలి ఎక్కుతుంది. కారు బరువంతా ఆ గాలే మోస్తుంది. చక్రం గుంతలో దిగినా లోపల కూర్చున్నవాళ్ల ఒళ్లో చెంబునీళ్లు తొణకవు. కారుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నేను సాయంత్రాలు చదివి ఇంట్లో వాళ్లకు తెలుగులో చెప్పేదాన్ని. అందులో బొమ్మలంటే మా అత్తకు ఎంతో ఇష్టం. "ఇదేమి, ఇదేమి" అని ప్రతి బొమ్మ మీదా వేలు పెట్టి అడిగేది.

మామ డాబు కోసం కొన్నారని ఊరంతా అనుకుంది. ఆయన కొన్నది అత్త నడుము కోసం. ఎన్నో ఏళ్ల కిందట పశువుల కొట్టంలో జారిపడ్డప్పటి నుంచి ఆమె కుదుపు ఓర్చుకోలేదు. దగ్గరలోనే ఉన్న చోళపురం ఊళ్లో ఆమె అక్క పక్షవాతంతో మంచాన ఉంది. ఆ రోడ్డు మీద ఎద్దుబండిలో ఒకసారి వెళ్లివస్తే అత్త వారం రోజులు పడక దిగేది కాదు. మరో కారులో వెళ్లినా అంతే. ఆ కారణంగా అక్కచెల్లెళ్లిద్దరూ అంత దగ్గరగా ఉండి కూడా చాలాకాలం ఒకరినొకరు చూసుకోలేదు. ఈ గాలికారు వచ్చాక అత్త ప్రతి శుక్రవారం వెళ్లేది. అక్కకు తల దువ్వి జడ వేసి, అన్నం కలిపి నోట్లో పెట్టి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేది. శుక్రవారం పొద్దున ఆమె ముఖం చూస్తే పుట్టింటికి బయలుదేరే కొత్త కోడలిలా ఉండేది.

తమిళ సీమలోని మా ఊరి ఎండలకు ఆ రబ్బరు బీటలు వారింది. రాత్రి నిలబడిన కారు తెల్లారేసరికి పొట్ట నేలకు ఆనించి ఉండేది. డ్రైవరు తమిళుడు, హాస్యగాడు. "అమ్మా, వండి పడుత్తుక్కిచ్చు" అని రోజూ వచ్చి చెప్పేవాడు, బండి పడుకుందని. ఇంజిను వేయగానే అది గేదె లేచినట్టు మొదట వెనక భాగం ఎత్తి, తరువాత ముందు భాగం ఎత్తి నిలబడేది. మా పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. వీధి పిల్లలు కూడా ఆ వేడుక కోసం వచ్చేవాళ్లు. కొత్త తిత్తులు మద్రాసులో దొరకలేదు. తయారుచేసినవాళ్లే వాటిని మానేశారని చెప్పారట. మావాళ్ల నూలు మిల్లు వర్క్‌షాపులో బీటల మీద రబ్బరు ద్రావకం పూసి, సత్రపట్టి నేతవాళ్ల కట్టుగుడ్డను పొరలు పొరలుగా చుట్టి, మళ్లీ ద్రావకం పూసి ఆరబెట్టారు. ఆసుపత్రులకు వెళ్లవలసిన గుడ్డ కారుకు కట్టారని మావారు నవ్వారు. అయినా ఆ కట్లు కొన్ని నెలలు బాగానే పనిచేశాయి.

ఇక రెండో సంగతి. మా ఇంట్లో ఎద్దుబండ్లు ఉన్నాయి. ఎద్దులను విప్పగానే బండి ముందు భాగం కింద ఊతకర్ర నిలపాలి. నిలపకుండా పాలేరు అటు తిరిగితే అత్త ఇంట్లోంచే కేక వేసేది. ఊత పెట్టని బండి కిందికి పిల్లలు వెళ్లకూడదు. ఇది ఆ ఇంట్లో పాలు తాగే వయసు నుంచీ నేర్పే విషయం. ఊత పెట్టిన బండి కింద మాత్రం గోనెపట్టా కట్టుకుని ఊగవచ్చు, బొమ్మరిల్లు ఆడుకోవచ్చు. కారు వచ్చిన కొత్తలో మా పెద్దది అడిగింది.

"అవ్వా, దీనికి ఊతకర్ర ఏది?"

"దీనికి ఏమిటికి? బండికి రెండు చక్రాలు, ఒరిగిపోతుంది. ఇది నాలుగు కాళ్ల మీద తానే నిలబడుండాది గదా" అని చెప్పింది అత్త.

నాకూ ఆ మాట సబబుగానే తోచింది. పొద్దున్నే పొట్ట ఆనించుకుని పడుకున్న కారును రోజూ చూస్తూ కూడా, పగలు నిలబడి ఉన్న కారు కళ్ల ముందే దిగుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. అది రాత్రి మాత్రమే నిద్రపోతుందని అనుకున్నట్టున్నాం.

ఆ రోజు శుక్రవారం. అత్త చోళపురం నుంచి వచ్చి భోంచేసి వంటింట్లో చాప మీద నడుము వాల్చింది. డ్రైవరు తన ఇంటికి భోజనానికి వెళ్లాడు. మామ, మావారు మిల్లులో ఉన్నారు. పిల్లలిద్దరూ కారు వెనక భాగం కింద పాత చీర పరుచుకుని ఇల్లు కట్టుకున్నారు. కొట్టంలో నేలకు నీళ్లు చల్లి ఉంటారు, ఆ చల్లదనానికి చిన్నది నిద్రపోయింది. పెద్దది బొమ్మల వంటకు ఆకులు తేవడానికి పెరట్లోకి వెళ్లింది.

నేను గడప పట్టుకుని లేచాను. "అత్తా" అన్నాను. ఆ గొంతు నాకే కొత్తగా ఉంది.

అత్త నా ముఖం చూసింది, నేను చూస్తున్న వైపు చూసింది, లేచి వచ్చింది. అప్పటికే నేను పిల్ల పేరు పిలవబోతున్నాను. ఆమె అరచేయి నా నోటి మీద పెట్టింది.

"పిలవద్దు. లేస్తే తల ఎత్తుతుంది. పైన ఇనుము ఉండాది."

నిజమే. నిద్రలోంచి లేచిన పిల్ల ముందు చేసే పని ఉలిక్కిపడి కూర్చోవడం. ఆ సంగతి నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది.

కొట్టంలోకి వెళ్లాం. దగ్గరగా వెళితే వినిపించింది. ఎక్కడో సన్నగా, పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున వచ్చే చప్పుడులాంటిది. కట్టుగుడ్డ ఎక్కడో విడిపోయింది. కారు దిగడం కంటికి కనిపించదు. కాని పిల్ల భుజానికీ పైనున్న ఇనుముకూ మధ్య ఖాళీ, నేను చూపు తిప్పి మళ్లీ చూసేసరికి తగ్గుతోంది.

"ఇంజిను వేస్తే లేస్తుంది అత్తా. పుస్తకంలో ఉంది."

"వేసేది ఎవరు? నీకు తెలుసునా, నాకు తెలుసునా? లోపల ఎక్కి కూర్చుంటే ఆ బరువుకు ఇంకా దిగదా?"

ఆమె అప్పటికే రుబ్బురోలు దగ్గర ఉంది. పొత్రాన్ని పైకి తీసి, నేల మీద దొర్లించుకుంటూ కారు దగ్గరికి తెచ్చింది. నడుము వంచలేని మనిషి, మోకాళ్ల మీద నడుస్తూ తెచ్చింది. తెచ్చి వెనక చక్రాల మధ్య ఇరుసు కిందికి నెట్టబోయింది. బండికైతే అదే పద్ధతి. బరువంతా ఇరుసు మీదనే కదా ఉండేది.

అప్పుడు నాకు పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చింది. జాకీ ఎక్కడ పెట్టాలో చూపించే బొమ్మ.

"అక్కడ కాదు అత్తా! ఇరుసు కదలదు. పైనున్న పెట్టె దిగుతోంది. వెనక బంపరు కింద పెట్టాలి, రెండు కొసల్లో."

ఆమె చేయి ఆగింది. నన్ను చూసింది. ఆ చూపులో అనుమానం లేదు, ఒక్క క్షణం లెక్క వేసుకుంది, అంతే.

"సరి. ఎక్కడో నీ వేలితో చూపించు. నువ్వు వంగొద్దు."

చూపించాను. పొత్రం ఒక కొసకు వెళ్లింది. అడ్డంగా పెడితే ఖాళీ మిగిలింది. దాని మీద పీట పెట్టింది. అప్పుడే పెద్దది ఒడినిండా ఆకులతో వచ్చి నిలబడిపోయింది. దాని ముఖం పాలిపోయింది. అత్త దాన్ని చూసి, ఏదో వంటపని చెబుతున్నట్టు చెప్పింది.

"రాజాత్తీ, నా తల్లీ, మన బండి ఊతకర్ర తెచ్చి ఇయ్యి. మెల్లంగా. చప్పుడు చేస్తే చెల్లెలు లేస్తుంది, పావం."

పిల్ల పరుగెత్తకుండా, కాలివేళ్ల మీద నడిచి, తనకన్నా పొడుగున్న కర్రను ఈడ్చుకొచ్చింది. అది నిలబెట్టడానికి పొడుగెక్కువ. అత్త దాన్ని పడుకోబెట్టి, దాని కింద బట్టలుతికే రాయి దొర్లించి, రెండో కొసకు బంపరు కింద ఇరికించింది. కాసేపటికి కర్ర కిర్రుమంది. పొత్రం మీద పీట కిర్రుమంది. కారు వాటి మీద ఆనింది. ఆ బుస్సుమనే చప్పుడు మాత్రం ఆగలేదు. ముందు భాగం అలాగే ఒక పక్కకు ఒరుగుతోంది. పీట జారితే ఏమవుతుందో నేను ఆలోచించకుండా ఉండలేకపోయాను.

పిల్లను తీయాలి. చీర అంచు చేతికి అందదు. నేను వంగాను. అత్త నా జబ్బ పట్టి వెనక్కి నెట్టింది.

"ఒకదాన్ని తీస్తుంటే ఇంకోదాన్ని అణిచేస్తావా? సుమ్మ, ఊరికే నిలబడు."

ఆ మనిషి, మంచం మీదికి ఎక్కడానికి కూడా గోడ పట్టుకునే మనిషి, తడి నేల మీద బోర్లా పడుకుంది. ఒక భుజం, తల కారు కిందికి పోనిచ్చింది. నాకు ఆమె తెల్ల వెంట్రుకల ముడి, దాని మీద మసి పట్టిన ఇనుము మాత్రమే కనిపిస్తున్నాయి. లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది. పిల్లను జోకొట్టేటప్పుడు చేసే గొణుగుడు, మాటలు లేనిది. చీర రెండు కొసలు పిడికిట్లో బిగించి ఆమె వెనక్కి జరిగింది. చీర కదిలింది. దాని మీద చిన్నది కదిలింది, నోరు తెరుచుకుని, బొటనవేలు దవడ పక్కన పెట్టుకుని. వెలుతురులోకి ముందు జుట్టు వచ్చింది. తరువాత కనురెప్పలు. చివరికి ఆ గొలుసు కాలు.

పిల్ల లేవలేదు.

అత్త దాన్ని నా ఒళ్లో పెట్టలేదు. నేను నేల మీద కూలబడి ఉన్నాను. పెద్దది చీర ఒక కొస పట్టుకుంటే, తాను రెండో కొస పట్టుకుని, అలాగే ఉయ్యాలలా వంటింట్లోకి మోసుకెళ్లి తన చాప మీద పడుకోబెట్టింది. తరువాత గోడకు చేతులు ఆనించి చాలాసేపు నిలబడింది. నేను దగ్గరికి వెళితే, "ఏమీ లే. నీ పుస్తకం మంచి పుస్తకం" అంది. పెదవి కొరుక్కుని ఉంది.

డ్రైవరు వచ్చి కారును, దాని కింద రోకలిబండలా బిగుసుకున్న ఊతకర్రను చూసి ఏదో హాస్యమాడబోయి, నన్ను చూసి మానేశాడు.

సాయంత్రం మామ వచ్చారు. అత్త మంచం మీదే ఉంది, లేవలేదు. జరిగింది నేను చెప్పాను. ఆయన మనవరాలి తల నిమిరి అన్నారు.

"తిత్తులు అమెరికాలో ఎక్కడైనా మిగిలుంటాయి. రాసి తెప్పిద్దాము. నాలుగైదు నెలలు పడుతుంది."

"నాలుగైదు నెలలు పిల్లలను ఉట్టిమీద పెట్టి పెంచేదా?" అంది అత్త. "తీసి పారెయ్యండి. లారీకి వేసే స్ప్రింగులు వేయించండి."

"లారీ స్ప్రింగు వేస్తే రాయి మీద కూర్చోనున్నట్టు ఉంటుంది. నీ నడుము?"

"నా నడుము నాది. మీ కారుది కాదు."

"మరి చోళపురం?"

ఆమె గోడ వైపు తిరిగింది.

"పత్తి ఊరిలో దిండుకు కరువా? ఒకటి లావుగా కుట్టించండి."

స్ప్రింగులు వేశారు. మిల్లు వర్క్‌షాపులో కొలతలు సరిపెట్టడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు ఆ కారు తెల్లారినా, సాయంత్రమైనా, ఒకే ఎత్తున గట్టిగా నిలబడుతుంది. వీధి పిల్లలు రావడం మానేశారు. అత్త చోళపురం వెళుతూనే ఉంది, కాకపోతే వారానికోసారి కాదు, నెలకోసారి. వెళ్లిన మరునాడు పడక దిగదు. ఆ దిండు నేనే కుట్టాను, రెండుసార్లు విప్పి పత్తి మార్చాను. అక్క జడకు పూలు పెట్టివచ్చానని చెబుతుంది కాని, దారి ఎలా ఉందని అడిగితే చెప్పదు. ఇది రాస్తున్న ఈ వేళ కూడా ఆమె పక్కగదిలో అటూ ఇటూ పొర్లడం వినిపిస్తోంది. నిన్న వెళ్లివచ్చింది. అప్పుడు నా కడుపులో ఉన్న పిల్లవాడు నా పక్కన ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. వాడి ఊపిరి వింటూ రాస్తున్నాను. నా భయం ఎక్కడికీ పోలేదు. కాని భయంతో ఏమి చేయాలో ఒకసారి కళ్లారా చూశాను.

కారు దిగిన ఆ శుక్రవారం రాత్రి అత్త నాతో ఒక మాట చెప్పింది. పిల్లలకు ఇదంతా చెప్పవద్దు, మనసులో భయం నాటుకుంటుంది, పెరిగే పిల్లలు అని. సరేనన్నాను.

మరునాడు పొద్దున చిన్నది నిద్ర లేచి నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, నిన్న నేను కారింట్లో పడుకుంటిని గదా. అవ్వ చాప మీద ఎట్ల లేచినాను?"

పెద్దది గోడవారగా కూర్చుని ఉంది. ముందురోజు నుంచి అన్నం సరిగా తినలేదు. చెల్లెలిని వదిలి వెళ్లింది తానేనని దాని ముఖం మీద రాసి ఉంది. పక్కగదిలో అత్త మంచం దిగడానికి ప్రయత్నించి మళ్లీ పడుకోవడం ముగ్గురికీ వినిపించింది.

అత్తకు ఇచ్చిన మాట నిలుపుకోలేకపోయాను. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. కారు కాళ్ల మీద నిలబడదని, గాలి మీద నిలబడుతుందని, ఆ గాలి నిన్న పోయిందని చెప్పాను. తప్పు పెద్దదానిది కాదని, ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకే తెలియలేదని చెప్పాను. ఇకమీదట బండి అయినా, కారు అయినా, ఏది నిలబెట్టినా దాని కింద ఊత ఉందో లేదో చూడనిదే ఎవరూ వెళ్లకూడదని చెప్పాను. చిన్నది కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది, ఇంకా ఏడవాలో వద్దో తేల్చుకోలేదు. అది ఏడవక ముందే మిగిలింది కూడా చెప్పాను.

"మీ అవ్వకు నడుము వంగదు, మీకు తెలుసు. నిన్న నీ కోసం నేల మీద పడుకుని, కారు కింద తల పెట్టింది. నీ నిద్ర కూడా చెడగొట్టలేదు. ఈ సంగతి అవ్వ మీకు ఎన్నటికీ చెప్పదు, అందుకని నేను చెబుతున్నాను. ఇప్పుడు లేచి పోండి. పెద్దదానా, నువ్వు వేడినీళ్ల చెంబు తీసుకో. చిన్నదానా, నువ్వు తువ్వాలు. అవ్వ నడుముకు కాపడం పెట్టాల."